ఎన్‌క్రిప్షన్‌కు దొడ్డిదారి: చట్టాలు, గోప్యత

సమాచారాన్ని గణిత పద్ధతిలో కలగాపులగం చేసి, సరైన కీ ఉన్నవారికి తప్ప మరెవరికీ అర్థం కాకుండా చేయడమే ఎన్‌క్రిప్షన్. యూపీఐ పిన్ నొక్కినప్పుడు, బ్యాంకు వెబ్‌సైటు తెరిచినప్పుడు, డాలస్‌లో ఉన్న కూతురు గుంటూరులో ఉన్న తల్లికి వాట్సాప్‌లో వీడియో కాల్ చేసినప్పుడు తెర వెనక జరిగేది ఇదే. ఇందులో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ మరో మెట్టు పైది. దానిలో కీలు మాట్లాడుకునే ఇద్దరి ఫోన్లలోనే పుడతాయి, అక్కడే ఉంటాయి. మధ్యలో సర్వర్లు నడిపే కంపెనీ సందేశాన్ని మోస్తుందే కానీ చదవలేదు. 2016 ఏప్రిల్‌లో వాట్సాప్ తన వాడుకదారులందరికీ ఈ రక్షణ కల్పించింది. 2020 నాటికి ఆ వాడుకదారుల సంఖ్య 200 కోట్లు దాటింది.

ప్రభుత్వాలకు చిక్కు వచ్చింది ఇక్కడే. టెలిఫోన్ల కాలంలో హోం శాఖ ఉత్తర్వు ఎక్స్ఛేంజికి చేరితే చాలు, ఎవరి లైనైనా వినే వీలుండేది. ఇప్పుడు అదే ఉత్తర్వు పట్టుకెళితే కంపెనీ చేతులెత్తేస్తోంది. అందుకే గత 30 ఏళ్లుగా చాలా దేశాలు ఎన్‌క్రిప్షన్‌ను వంచే చట్టాలకు పూనుకున్నాయి. కీ నకలు ప్రభుత్వం దగ్గర పెట్టమన్నాయి కొన్ని. కంపెనీయే విప్పి ఇవ్వాలన్నాయి కొన్ని. సందేశం ఎన్‌క్రిప్ట్ కాకముందే ఫోన్‌లో తనిఖీ జరగాలని, మొదట పంపినవారెవరో చెప్పాలని అడిగేవి ఈమధ్య వచ్చాయి. పేర్లు వేరైనా అన్నీ కోరేది అధికారులకు మాత్రమే పనికొచ్చే దొడ్డిదారిని. అలాంటి దారిని ఇంతవరకు ఎవరూ కట్టలేకపోయారు. కట్టామనుకున్న ప్రతిచోటా ఆ దారిన దొంగలు కూడా నడిచారు, లేదా నడిచే వీలు బయటపడింది.

క్లిప్పర్ చిప్ నుంచి ఫ్రీక్ దాకా

1970ల దాకా గూఢలిపి సైన్యాల, రాయబార కార్యాలయాల సొత్తు. 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ ప్రచురించిన పరిశోధన పత్రం, మరుసటి ఏడాది రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ రూపొందించిన ఆర్‌ఎస్‌ఏ పద్ధతి దాన్ని మామూలు మనుషుల చేతికి తెచ్చాయి. అంతకుముందు ఎన్నడూ కలుసుకోని ఇద్దరు, అందరూ వినగలిగే లైను మీద కూడా రహస్యంగా మాట్లాడుకునే వీలు అప్పుడు ఏర్పడింది.

ప్రభుత్వం అడ్డుకోబోయినప్పుడల్లా ఎన్‌క్రిప్షన్ మరింత విస్తరించడం ఈ చరిత్రలో పదేపదే కనిపిస్తుంది. 1991లో అమెరికా సెనేట్ ముందుకు వచ్చిన 266వ నంబరు బిల్లులో ఒక వాక్యం ఉంది. సమాచార సేవలు నడిపేవారు, పరికరాలు తయారుచేసేవారు ప్రభుత్వం చట్టబద్ధంగా అడిగితే సందేశాలను అసలు రూపంలో ఇవ్వగలిగేలా ఉండాలన్నది దాని సారాంశం. బిల్లు పెట్టింది అప్పటి సెనేటర్ జో బైడెన్. ఆ వాక్యం చట్టం కాలేదు. కానీ అది చూసి కలవరపడ్డ ఫిల్ జిమ్మర్‌మన్ అనే ప్రోగ్రామరు పీజీపీ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌ను అదే ఏడాది జూన్‌లో ఉచితంగా విడుదల చేశారు. అప్పట్లో అమెరికా చట్టం బలమైన ఎన్‌క్రిప్షన్‌ను ఆయుధాల పద్దులో లెక్కగట్టేది. అనుమతి లేకుండా ఎగుమతి చేశారన్న అనుమానంపై జిమ్మర్‌మన్ మీద సుమారు మూడేళ్లు దర్యాప్తు నడిచి, 1996 జనవరిలో కేసు లేకుండానే ముగిసింది. ఈలోగా ఎంఐటీ ప్రెస్ పీజీపీ సోర్స్ కోడ్ మొత్తాన్ని పుస్తకంగా అచ్చువేసింది. సాఫ్ట్‌వేర్ ఎగుమతిని ఆపగలరు కానీ, పుస్తకం దేశం దాటకుండా ఆపడం అమెరికాలో అంత తేలిక కాదు.

1993 ఏప్రిల్‌లో క్లింటన్ ప్రభుత్వం క్లిప్పర్ చిప్‌ను ప్రకటించింది. ఫోన్లలో అమర్చే ఈ చిప్ స్కిప్‌జాక్ అనే రహస్య పద్ధతిలో, 80 బిట్ల కీతో సంభాషణను ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. ప్రతి చిప్‌కూ ఉన్న సొంత కీని రెండు ముక్కలు చేసి ఒకటి వాణిజ్య శాఖలోని ప్రమాణాల సంస్థ దగ్గర, మరొకటి ఖజానా శాఖ దగ్గర భద్రపరుస్తారు. న్యాయస్థానం అనుమతి ఉంటే రెండు ముక్కలూ కలిపి సంభాషణ వినవచ్చు. కాగితం మీద చూస్తే పకడ్బందీ ఏర్పాటే. మరుసటి ఏడాది ఏటీ అండ్ టీ బెల్ ల్యాబ్స్ పరిశోధకుడు మ్యాట్ బ్లేజ్ ఆ చిప్‌ను బల్ల మీద పెట్టుకుని పరీక్షించారు. పోలీసులు ఏ చిప్పో గుర్తుపట్టడానికి ప్రతి సంభాషణతో పాటు వెళ్లే గుర్తింపు భాగంలో తప్పొప్పులు సరిచూసే సంఖ్య 16 బిట్లదే. అంటే 65,536 అవకాశాలు. మామూలు కంప్యూటరుతో గంటలోపే ఒక నకిలీ గుర్తింపును తయారుచేసి, ప్రభుత్వ నిఘాను తప్పించుకుంటూనే చిప్‌ను వాడుకోవచ్చని ఆయన నిరూపించారు. నిజాయితీగా వాడేవారి కీ ప్రభుత్వం చేతిలో ఉంటుంది, తప్పించుకోదలచినవాడు తప్పించుకుంటాడు. 1996 నాటికి ఆ పథకం మూలపడింది.

ఎగుమతి ఆంక్షల కథ ఇంకా ఎక్కువకాలం నడిచింది, ఇంకా ఎక్కువ హాని చేసింది. 1990లలో అమెరికా కంపెనీలు విదేశాలకు పంపే సాఫ్ట్‌వేర్‌లో 40 బిట్ల కీ, 512 బిట్ల ఆర్‌ఎస్‌ఏ దాటకూడదని నియమం. 40 బిట్లంటే సుమారు 1.1 లక్షల కోట్ల అవకాశాలు. వినడానికి పెద్ద సంఖ్యే, కానీ 1997 జనవరిలో బర్కిలీ విశ్వవిద్యాలయ విద్యార్థి ఇయాన్ గోల్డ్‌బర్గ్ 250 కంప్యూటర్లను జతచేసి అలాంటి కీని మూడున్నర గంటల్లో కనిపెట్టారు. 2000లో ఆంక్షలు సడలాయి. అందరూ వాటి సంగతి మరిచిపోయారు, సాఫ్ట్‌వేర్ మాత్రం మరిచిపోలేదు. పాత బలహీన పద్ధతులు బ్రౌజర్లలో, సర్వర్లలో నిద్రాణంగా ఉండిపోయాయి. మధ్యలో దూరినవాడు రెండు వైపులా బలమైన పద్ధతి ఉన్నా కూడా, సర్వర్‌ను మోసగించి పాత 512 బిట్ల కీకి దింపవచ్చని 2015 మార్చిలో పరిశోధకులు బయటపెట్టారు. దానికి ఫ్రీక్ అని పేరు. అద్దె కంప్యూటర్లపై సుమారు 100 డాలర్ల ఖర్చుతో ఆ కీ విరుగుతుంది. దాని బారిన పడే వెబ్‌సైట్లలో అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ సొంత వెబ్‌సైటు కూడా ఉంది. విదేశీయుల మీద నిఘా కోసం 1990లలో చేసిన నియమం, రద్దయిన 15 ఏళ్ల తర్వాత సొంత పౌరుల ఫోన్లను ప్రమాదంలో పడేసింది. చట్టాన్ని ఒక గెజిట్‌తో వెనక్కి తీసుకోవచ్చు. ఆ చట్టం కోసం రాసిన కోడ్‌ను అలా వెనక్కి తీసుకోలేము.

ఏథెన్స్ ఎక్స్ఛేంజిలో జరిగింది

దొడ్డిదారి ప్రమాదం ఊహాజనితమే అనుకునేవారు గ్రీస్‌లో జరిగినదాన్ని వివరంగా తెలుసుకోవాలి. అక్కడి వొడాఫోన్ కంపెనీ ఎరిక్సన్ తయారుచేసిన ఎక్స్ఛేంజిలు వాడేది. చట్టబద్ధమైన ట్యాపింగ్ కోసం వాటి సాఫ్ట్‌వేర్‌లో ఒక భాగం ముందుగానే ఉంది. దాన్ని ఉపయోగించి, ఎవరి ఫోను ఎప్పుడు విన్నారో లెక్క రాసే మరో భాగాన్ని వొడాఫోన్ ఇంకా కొనలేదు. అంటే వినే యంత్రం ఉంది, కాపలా లేదు. 2004 ఆగస్టులో, ఒలింపిక్స్ మొదలవబోతున్న రోజుల్లో, ఎవరో ఆ ఎక్స్ఛేంజిల్లోకి రహస్య కోడ్ ఎక్కించి నిద్రాణంగా ఉన్న ట్యాపింగ్ భాగాన్ని మేల్కొలిపారు. సుమారు వంద మంది మాటలు 14 ప్రీపెయిడ్ ఫోన్లకు నకళ్లుగా వెళ్లాయి. ఆ వంద మందిలో ప్రధాని కోస్తాస్ కరమన్లిస్, రక్షణ, విదేశాంగ మంత్రులు, ఏథెన్స్ మేయర్ ఉన్నారు. 2005 జనవరిలో కొన్ని ఎస్‌ఎంఎస్‌లు చేరక ఫిర్యాదులు రావడంతో ఎరిక్సన్ ఇంజినీర్లు వెతికితే తప్ప ఈ సంగతి బయటపడలేదు. దేశానికి తెలిసింది 2006 ఫిబ్రవరిలో. పోలీసుల కోసం పెట్టిన సదుపాయమే దేశ ప్రధాని మాటలు దొంగలకు వినిపించింది.

ఇరవై ఏళ్ల తర్వాత ఇదే అమెరికాలో పెద్ద ఎత్తున జరిగింది. 1994 నాటి కాలియా చట్టం ప్రకారం అక్కడి టెలికం సంస్థలు తమ నెట్‌వర్కుల్లో ట్యాపింగ్ సదుపాయం కల్పించి తీరాలి. చైనా ప్రభుత్వానికి చెందినదని అమెరికా చెబుతున్న సాల్ట్ టైఫూన్ అనే హ్యాకర్ల ముఠా వెరైజన్, ఏటీ అండ్ టీ వంటి సంస్థల్లోకి చొరబడి, న్యాయస్థానాల ఉత్తర్వులపై నడిచే ఆ ట్యాపింగ్ వ్యవస్థలనే అందుకుందని 2024లో వెల్లడైంది. ఆ ఏడాది డిసెంబరులో అమెరికా సైబర్ భద్రతా సంస్థ, ఎఫ్‌బీఐ అధికారులు ప్రజలకు ఇచ్చిన సలహా గుర్తుంచుకోదగ్గది: ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లలోనే మాట్లాడుకోండి. ఏళ్ల తరబడి ఆ ఎన్‌క్రిప్షన్ మీద కత్తి నూరిన సంస్థే ఎఫ్‌బీఐ.

2015 డిసెంబరులో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో ఉగ్రవాద కాల్పుల్లో 14 మంది చనిపోయాక, దుండగుడి ఐఫోన్ తెరవడానికి ప్రత్యేక సాఫ్ట్‌వేర్ రాసివ్వాలని ఎఫ్‌బీఐ యాపిల్‌పై కోర్టు ఉత్తర్వు తెచ్చుకుంది. ఆధారం 1789 నాటి ఆల్ రిట్స్ చట్టం. యాపిల్ కాదంది. విచారణకు ముందురోజు వాయిదా కోరిన ఎఫ్‌బీఐ, బయటి సంస్థ సాయంతో ఫోన్ తెరుచుకుందని చెప్పి 2016 మార్చి 28న కేసు ఉపసంహరించుకుంది. వేరే దారి లేదని కోర్టుకు చెప్పిన సంస్థకు ఆరు వారాల్లో వేరే దారి దొరికింది.

బ్రిటన్, ఆస్ట్రేలియా, యూరప్

ఈ రంగంలో అన్నిటికంటే దూకుడుగా ఉన్నది బ్రిటన్. 2000 నాటి రిపా చట్టం కింద పోలీసులు అడిగితే పాస్‌వర్డ్ చెప్పకపోవడమే నేరం. 2016 నాటి ఇన్వెస్టిగేటరీ పవర్స్ చట్టం ఇంకా ముందుకెళ్లి, కంపెనీలు తాము వేసిన ఎన్‌క్రిప్షన్‌ను తొలగించగలిగే స్థితిలో ఉండాలని నోటీసు ఇచ్చే అధికారం మంత్రికి ఇచ్చింది. ఆ నోటీసు అందిందని బయటికి చెప్పడం కూడా నిషిద్ధం. 2025 ఫిబ్రవరిలో వాషింగ్టన్ పోస్ట్ బయటపెట్టిన వార్త ప్రకారం, యాపిల్ ఐక్లౌడ్‌లో ఎండ్ టు ఎండ్ రక్షణలో ఉన్న సమాచారాన్ని అందుకునే సామర్థ్యం కావాలని బ్రిటన్ అలాంటి నోటీసు ఇచ్చింది. బ్రిటన్ పౌరుల సమాచారమే కాదు, ప్రపంచంలో ఎవరిదైనా సరే. దొడ్డిదారి కట్టడానికి బదులు యాపిల్ ఆ నెల 21న తన అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్ సదుపాయాన్ని బ్రిటన్‌లో ఆపేసింది. ఫలితంగా పారిస్‌లో ఉన్నవాడికి దొరికే రక్షణ లండన్‌లో ఉన్నవాడికి దొరకని పరిస్థితి వచ్చింది. లండన్‌లో ఉన్న తెలుగు కుటుంబాల ఫొటోలు, నోట్సు, బ్యాకప్‌లూ అందులో భాగమే. కేసు మొత్తం రహస్యంగా సాగాలన్న ప్రభుత్వ వాదనను ఏప్రిల్‌లో ట్రైబ్యునల్ తోసిపుచ్చింది. ఆగస్టులో బ్రిటన్ వెనక్కి తగ్గిందని అమెరికా నిఘా విభాగాల అధిపతి తులసీ గబార్డ్ ప్రకటించారు. అక్టోబరులో, ఈసారి బ్రిటన్ వాసుల సమాచారానికే పరిమితమైన కొత్త నోటీసు వెళ్లిందని వార్తలొచ్చాయి.

ఆస్ట్రేలియా 2018 డిసెంబరు 6న, పార్లమెంటు సమావేశాల చివరి రోజున, హడావుడిగా అసిస్టెన్స్ అండ్ యాక్సెస్ చట్టం చేసింది. వ్యవస్థ మొత్తాన్ని బలహీనపరిచే పని కంపెనీలతో చేయించరాదని అందులో ఒక రక్షణ నిబంధన ఉంది. ఒక్కరి ఫోన్ కోసం చేసిన మార్పు ఏ దశలో వ్యవస్థ మొత్తానికి చేసిన మార్పు అవుతుందన్నదే అసలు ప్రశ్న. ఎందుకంటే అందరి ఫోన్‌లో ఉండే యాప్ ఒకటే. అంతకు ఏడాది ముందు అప్పటి ప్రధాని మాల్కమ్ టర్న్‌బుల్, గణిత సూత్రాలు మెచ్చదగినవే అయినా ఆస్ట్రేలియాలో చెల్లేది ఆస్ట్రేలియా చట్టమేనని విలేకరులతో అన్నారు. గణితం ఏ దేశ చట్టానికీ కట్టుబడదు. పార్లమెంటు తీర్మానించినంత మాత్రాన మంచివాడికి ఒక రకంగా, చెడ్డవాడికి మరో రకంగా విరిగే కీ తయారు కాదు.

యూరోపియన్ యూనియన్‌లో చర్చ పిల్లల భద్రత చుట్టూ తిరిగింది. పిల్లలపై లైంగిక అకృత్యాల చిత్రాలను వెతకడానికి మెసేజింగ్ సేవలు వాడుకదారుల సందేశాలను తనిఖీ చేయాలని 2022 మే 11న యూరోపియన్ కమిషన్ ప్రతిపాదించింది. ఎన్‌క్రిప్షన్ ఉన్నచోట దీనికి ఉన్న దారి, సందేశం పంపకముందే ఫోన్‌లోనే పోల్చి చూడటం. ఆ తర్వాత సందేశం ఎన్‌క్రిప్ట్ అవుతుంది కాబట్టి గోప్యతకు భంగం లేదని ప్రతిపాదనను సమర్థించేవారు వాదించారు. పంపేవాడి భుజం మీదుగా చదివేశాక దాన్ని కవరులో పెట్టి అంటించడం వల్ల ఒరిగేదేమిటన్నది విమర్శకుల ప్రశ్న, అది న్యాయమైన ప్రశ్న. యాపిల్ స్వయంగా 2021 ఆగస్టులో ఇలాంటి పద్ధతిని ప్రకటించి, భద్రతా నిపుణుల నిరసన తర్వాత 2022 డిసెంబరులో విరమించుకుంది. ఈరోజు పిల్లల చిత్రాలు వెతికే యంత్రానికి రేపు నిరసనకారుల పోస్టర్లు వెతకమని జాబితా మార్చి ఇవ్వడం చిటికెలో పని. 2023 నవంబరులో యూరప్ పార్లమెంటు ఎండ్ టు ఎండ్ సందేశాలను ఈ తనిఖీ నుంచి మినహాయించాలని నిర్ణయించింది. సభ్యదేశాల మండలి మూడేళ్లు మల్లగుల్లాలు పడి 2025 నవంబరులో తప్పనిసరి తనిఖీని తన ముసాయిదా నుంచి తీసేసింది.

స్వీడన్‌లో ఇలాంటి బిల్లుకు ఎదురుతిరిగినవారిలో ఆ దేశ సైన్యమే ఉంది. సైనికులు వాడే సిగ్నల్ యాప్‌కు పెట్టే రంధ్రం శత్రువుకూ దొరుకుతుందన్నది వారి ఆందోళన. యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2024 ఫిబ్రవరిలో రష్యాకు సంబంధించిన ఒక తీర్పులో ఈ విషయాన్ని సూటిగా చెప్పింది. టెలిగ్రామ్ కీలు ఇమ్మని రష్యా భద్రతా సంస్థ చేసిన డిమాండు కొందరిని ఉద్దేశించినదే అయినా, దాన్ని అమలు చేస్తే అందరి ఎన్‌క్రిప్షన్ బలహీనపడుతుందని, ప్రజాస్వామ్య సమాజంలో అది అవసరానికి మించిన చర్య అని తేల్చింది.

భారతదేశం

ఇక్కడి చట్టానికి మూలం 1885 నాటి తంతి చట్టం. దాని అయిదో సెక్షన్ కింద ట్యాపింగ్‌కు కనీస నియమాలేవీ లేని రోజుల్లో, 1996 డిసెంబరులో, పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు కొన్ని కట్టుబాట్లు విధించింది. ఉత్తర్వు హోం కార్యదర్శి స్థాయిలో రావాలి, సమీక్ష కమిటీ చూడాలి. న్యాయమూర్తి అనుమతి మాత్రం అక్కర్లేదంది. ఆ లోటు నేటికీ పూడలేదు.

తొలి రోజుల్లో ఇంటర్నెట్ సంస్థలకు ఇచ్చిన లైసెన్సుల్లో, అనుమతి లేకుండా 40 బిట్లకు మించిన ఎన్‌క్రిప్షన్ వాడరాదని షరతు ఉండేది. అంతకు మించితే కీని రెండు ముక్కలుగా ప్రభుత్వానికి అప్పగించాలి. మరోపక్క 2001లో రిజర్వు బ్యాంకు ఇంటర్నెట్ బ్యాంకింగ్‌కు కనీసం 128 బిట్లు ఉండాలని చెప్పింది. ఒక ప్రభుత్వ విభాగం వద్దన్నదాన్ని మరొకటి తప్పనిసరి చేసింది. 2008లో సవరించిన ఐటీ చట్టం 69వ సెక్షన్, ఏ సమాచారాన్నైనా విప్పి ఇమ్మని ఆదేశించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. సహకరించకపోతే ఏడేళ్ల దాకా జైలు. 2018 డిసెంబరు 20న పది కేంద్ర సంస్థలకు ఆ అధికారం కట్టబెడుతూ హోం శాఖ ఉత్తర్వు ఇచ్చింది. తంతి చట్టం స్థానంలో వచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 20వ సెక్షన్‌లో సందేశాలను అర్థమయ్యే రూపంలో ఇవ్వాలన్న మాట చేరింది. వాట్సాప్ వంటి యాప్‌లు ఈ చట్టం కిందికి రావని మంత్రి చెప్పినా, చట్టంలోని నిర్వచనాలు వాటిని బయట పెట్టేంత స్పష్టంగా లేవు.

2015 సెప్టెంబరులో వచ్చిన జాతీయ ఎన్‌క్రిప్షన్ విధానం ముసాయిదా ఎంత దూరం వెళ్లిందో ఇప్పటికీ ఆశ్చర్యమే. పౌరులు తాము ఎన్‌క్రిప్ట్ చేసి పంపిన సమాచారాన్ని అసలు రూపంలో 90 రోజులు దాచి, అడిగితే చూపాలని అందులో రాశారు. దేశమంతా గగ్గోలెత్తింది. సామాజిక మాధ్యమాలకు, బ్యాంకింగ్‌కు ఇది వర్తించదని ముందు వివరణ ఇచ్చి, సెప్టెంబరు 22న మంత్రి రవిశంకర్ ప్రసాద్ ముసాయిదాను పూర్తిగా ఉపసంహరించారు.

ఇప్పుడు నలుగుతున్నది 2021 ఫిబ్రవరి 25 నాటి ఐటీ నిబంధనల్లోని ట్రేసబిలిటీ షరతు. 50 లక్షలకు మించి వాడుకదారులున్న మెసేజింగ్ సంస్థలు, తీవ్ర నేరాల్లో కోర్టు గానీ అధికారి గానీ అడిగితే, ఒక సందేశాన్ని మొట్టమొదట పంపినది ఎవరో చెప్పాలి. దీని వెనక నిజమైన బాధ ఉంది. అత్యాచారాల వీడియోలు వాట్సాప్‌లో తిరుగుతున్నాయని 2015లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాసింది హైదరాబాద్‌కు చెందిన ప్రజ్వల సంస్థ. ఆ లేఖనే కోర్టు కేసుగా స్వీకరించింది. 2021లో నిబంధనలు తెచ్చినప్పుడు కేంద్రం ఆ కేసునే ఒక ఆధారంగా చూపింది. 2018 జులైలో బీదర్ జిల్లాలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లన్న వాట్సాప్ పుకారుకు హైదరాబాద్ ఇంజినీరు ఒకరు మూకదాడిలో బలయ్యారు. ఇవి మరిచిపోదగ్గ ఘటనలు కావు.

అయితే షరతు అమలయ్యే తీరు చూడాలి. ఎవరు మొదట పంపారో రేపు చెప్పాలంటే ఈరోజు ప్రతి ఒక్కరు పంపిన ప్రతి సందేశానికీ గుర్తు పెట్టి నిల్వ చేయాలి, ఎందుకంటే ఏది నేరమవుతుందో ముందుగా తెలియదు. ప్రభుత్వం సూచించిన ఒక మార్గం, సందేశం నుంచి హ్యాష్ అనే సంఖ్యను లెక్కించి దాచడం. సందేశంలో ఒక్క చుక్క చేర్చినా హ్యాష్ పూర్తిగా మారిపోతుంది. వీడియోను కొద్దిగా కత్తిరించినా అంతే. కాపీ చేసి కొత్తగా అతికించినవాడే తొలి పంపినవాడుగా తేలతాడు. పంపినవారి గుర్తింపును సందేశంతోనే జతచేయవచ్చని ఐఐటీ మద్రాస్ ఆచార్యుడు వి. కామకోటి మద్రాసు హైకోర్టులో సూచిస్తే, ఆ గుర్తింపును మోసగాళ్లు మార్చి అమాయకుడిని ఇరికించగలరని ఐఐటీ బొంబాయి ఆచార్యుడు మనోజ్ ప్రభాకరన్ జవాబిచ్చారు.

ఆ నిబంధనలోనే ఇంకొక వాక్యం తెలుగు కుటుంబాలకు నేరుగా తగులుతుంది. మొదట పంపినవారు విదేశంలో ఉంటే, దేశంలో ముందుగా పంపినవారినే తొలి వ్యక్తిగా పరిగణించాలట. న్యూజెర్సీలో ఎవరో తయారుచేసిన వీడియోను విజయవాడలో ముందుగా ఫార్వర్డ్ చేసిన పెద్దాయనే, కేసు వరకు వచ్చేసరికి, దాని మూలకర్త అవుతాడు. నిజానిజాలు తేల్చుకోకుండా ఫార్వర్డ్ చేయడం తప్పే కావచ్చు. దాన్ని తయారుచేసినవాడి స్థానంలో ఆయన్ని నిలబెట్టడం అన్యాయం.

2021 మే 25న వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. ఎన్‌క్రిప్షన్‌ను విరగ్గొట్టమంటే తాము దేశం నుంచి వెళ్లిపోవాల్సిందేనని 2024 ఏప్రిల్‌లో దాని న్యాయవాది కోర్టుకు చెప్పారు. ఆ వాదనకు పునాది 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఇచ్చిన పుట్టస్వామి తీర్పు. గోప్యత ప్రాథమిక హక్కని, దానిలో జోక్యానికి చట్టం ఉండాలని, న్యాయమైన లక్ష్యం ఉండాలని, ఆ లక్ష్యానికి తగినంత మేరకే జోక్యం ఉండాలని ఆ తీర్పు చెప్పింది. ఒక నేరస్థుణ్ని పట్టడానికి 40 కోట్లకు పైగా వాడుకదారుల సందేశాలకు గుర్తులు పెట్టడం ఆ మూడో పరీక్షలో నెగ్గుతుందని నమ్మడం కష్టం.

పుకార్లను ఆపడానికి ఎన్‌క్రిప్షన్‌ను తాకక్కర్లేదని చూపిన ఉదాహరణ తెలంగాణలోనే ఉంది. 2018లో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి, పిల్లల దొంగల పుకార్లు చెలరేగగానే పోలీసులను ఊళ్లకు పంపారు. వారు రచ్చబండల దగ్గర కూర్చుని మాట్లాడారు, చాటింపు వేయించారు, జానపద బాణీలో పాటలు పాడి వినిపించారు. ఆమె పరిధిలో పుకారు వల్ల ఒక్క ప్రాణమూ పోలేదు. ఆ జులైలోనే వాట్సాప్ భారత్‌లో ఒక సందేశాన్ని అయిదు చాట్లకు మించి ఒకేసారి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది.

పోలీసుల చేతులు కట్టేశారన్న మాట కూడా పూర్తి నిజం కాదు. ఎవరు ఎవరితో ఎప్పుడు ఎంతసేపు మాట్లాడారో, ఫోన్ ఏ టవర్ కింద ఉందో, డబ్బు ఏ ఖాతాకు వెళ్లిందో తెలుసుకోవడానికి ఎన్‌క్రిప్షన్ అడ్డు రాదు. ఎఫ్‌బీఐ స్వయంగా ఆనమ్ అనే రహస్య ఫోన్ల వ్యాపారాన్ని నడిపి, ముఠాల చేతే వాటిని కొనిపించి, 2021 జూన్‌లో పలు దేశాల పోలీసులతో కలిసి 800 మందికి పైగా అరెస్టు చేయించింది. అక్కడ విరిగింది ఆ ముఠాల ఫోన్లే, లోకమంతా వాడే యాప్ కాదు.

అధికారం చేతికి వచ్చాక ఎలా వాడతారన్న ప్రశ్న మన అనుభవంలో లేనిది కాదు. 1988లో ట్యాపింగ్ ఆరోపణలపై కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే రాజీనామా చేశారు. పెగాసస్ స్పైవేర్‌పై 2021 అక్టోబరులో జస్టిస్ ఎన్.వి. రమణ నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం నియమించిన కమిటీ, పరీక్షించిన 29 ఫోన్లలో అయిదింట ఏదో హానికర సాఫ్ట్‌వేర్ ఉందని, అది పెగాసస్ అని తేల్చలేమని, కేంద్రం సహకరించలేదని చెప్పింది. తెలంగాణలో అప్పటి ప్రతిపక్ష నాయకుల, మరికొందరి ఫోన్లు విన్నారన్న ఆరోపణలపై 2024 మార్చిలో కేసు నమోదై పోలీసు అధికారులే అరెస్టయ్యారు. ఆ ఆరోపణలు కోర్టులో తేలాలి. అయినా మామూలు ఫోన్ కాల్ వదిలి వాట్సాప్ కాల్ చేయమనడం హైదరాబాద్‌లో రాజకీయ నాయకుల నుంచి వ్యాపారుల దాకా అలవాటైపోయింది. విలేకరికి సమాచారం ఇచ్చే ఉద్యోగి, లాయరుతో మాట్లాడే నిందితుడు, కొట్టే భర్త నుంచి తప్పించుకోజూసే భార్య, వీళ్లందరికీ ఉన్న ఆసరా ఆ ఎన్‌క్రిప్షనే.

తెలుగువారికి తెలంగాణ అంశంపై కమిటీ ద్వారా పరిచయమైన జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ, 2018లో వ్యక్తిగత సమాచార రక్షణపై ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది. ట్యాపింగ్ ఉత్తర్వులను పరిశీలించాల్సిన సమీక్ష కమిటీ రెండు నెలలకోసారి కూర్చుంటుంది. ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఉత్తర్వులు దాని ముందుకు వస్తాయి. ఒక్కొక్కదానికి నిమిషం కేటాయించినా పది రోజులకు పైగా రాత్రింబగళ్లు కూర్చోవాలి. ఉన్న అధికారానికే ఇంత నామమాత్రపు కాపలా ఉన్న దేశంలో, ఎన్‌క్రిప్షన్ విప్పే కొత్త అధికారం అడిగే ముందు ప్రభుత్వం చేయాల్సిన పని ఒకటుంది: ప్రతి నిఘా ఉత్తర్వుకూ న్యాయమూర్తి ముందస్తు అనుమతిని చట్టంలో తప్పనిసరి చేయాలి. ట్రేసబిలిటీ నిబంధనను వెనక్కి తీసుకోవాలి. ఈ రెండూ అడగాల్సింది వాట్సాప్ న్యాయవాదులు మాత్రమే కాదు, ఆ యాప్‌ను రోజూ వాడే మనమంతా.